కంటికి ఆనాలిగా!

మిరప కోత రోజుల్లో పొద్దుగుంకే దాకా చేలో ఉన్నారా ఎప్పుడైనా? లేకపోతే ఈ ఫిబ్రవరిలో ఉండి చూడండర్రా. మధ్యాహ్నం గట్టు మీద నుంచుంటే పండుకాయ అల్లంత దూరం నుంచే కళ్లలో పడుతుంది. పొద్దు వాలి మసక కమ్మేసరికి అదే చెట్టు, అదే కాయ, ఆకులో కలిసిపోతుంది. కోసే ఆడవాళ్లు "ఇక కంటికి ఆనట్లేదు" అని లేచిపోతారు. విచిత్రం ఏమిటంటే ఆ వేళకి ఆకు ఇంకా కనపడుతూనే ఉంటుంది. పక్క చేలో మిగిలిన పత్తి అయితే బాగా చీకటి పడ్డాక కూడా తెల్లగా తెలుస్తూనే ఉంటుంది. అన్నిటికంటే ముందు మాయమయ్యేది ఎరుపే.

ఇది రెండు వందల ఏళ్ల కిందటే పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త పట్టుకున్నాడు. పగలు అన్నిటికంటే ముందు కనపడే ఎర్ర పువ్వు, తెల్లవారుజామున నల్లగా కనపడటం చూసి ఎందుకని ఆలోచించాడు. మన కంటి వెనక పొరలో రెండు రకాల కణాలున్నాయి. వెలుతురు బాగా ఉన్నప్పుడు పనిచేసేవి శంకువులు. రంగులు చెప్పేవి అవే. వెలుతురు తగ్గాక అవి చేతులెత్తేస్తాయి, దండాలు అందుకుంటాయి. దండాలకి రంగు తెలియదు, వెలుగెంతో మాత్రమే తెలుసు. పైగా ఎర్రటి కాంతికి అవి దాదాపు గుడ్డివి. అందుకే మసకవేళ పండుమిరప వాటికి నల్లటి ముద్ద.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. అమ్మడూ, నువ్వు కంప్యూటర్‌లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ తెరిచి "తాతయ్యా, ఆ ఎడమ పక్క కుంచె బొమ్మ నొక్కు" అంటావు. నాకక్కడ ఒక బూడిద రంగు పట్టీ, దాని మీద ఇంకాస్త లేత బూడిదలో ఏవో గీతలు కనపడతాయి. ఏది కుంచె, ఏది రబ్బరు, ఏది కత్తెర? నీ కళ్లకి తెలుస్తుంది. నా కళ్లకి తెలియదు. ఇది ముసలితనం గొడవ అని వదిలెయ్యకండి. ఇందులో మంచి సైన్సు ఉంది, కొలత ఉంది, మన గుంటూరు, ప్రకాశం చేలల్లో ప్రాణాలతో ముడిపడ్డ సంగతి కూడా ఉంది.

ముందు ఒక్కటి తెలుసుకోవాలి. ఒక బొమ్మ దాని వెనకున్న తలం నుంచి అంచులు స్పష్టంగా విడిపోయి కనపడాలంటే రంగు తేడా చాలదు, వెలుగు తేడా కావాలి. రంగు అనేది ఒకటి, ఆ రంగు ఎంత వెలుగు అనేది ఇంకొకటి. రెండింటినీ మనం కలిపి చూస్తాం కాబట్టి ఒకటే అనుకుంటాం. పండుమిరప చెట్టుని నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి, ఎర్రకాయా ఆకుపచ్చ ఆకూ దాదాపు ఒకే బూడిదలోకి వస్తాయి. రంగులో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా, వెలుగులో మాత్రం ఇంతే. మన కన్ను అంచుల్నీ, సన్నటి గీతల్నీ, అక్షరాల వంపుల్నీ పట్టుకునేది ముఖ్యంగా వెలుగు తేడాతోనే. రంగు ఆ తర్వాత పైన పూసే పూత.

తెర మీద రంగులకి ఈ లెక్క కట్టి పెట్టారు. తెల్లటి తెర వెలుగుని 100 అనుకోండి. నిఖార్సైన ఆకుపచ్చ ఒక్కటే వెలిగితే అది 72. నిఖార్సైన ఎరుపు 21. నీలం 7, అంతే. మూడూ కలిస్తే 100, అదే తెలుపు. ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే వచ్చే పసుపు 93, తెలుపుకి బాగా దగ్గర. తెల్లకాగితం మీద పసుపుతో రాస్తే ఎందుకు చదవలేమో ఇక్కడే తెలిసిపోయింది కదా!

మరి ఎంత తేడా ఉంటే చాలు? దానికీ ఒక నిష్పత్తి ఉంది. వెలుగెక్కువున్న దానికి 5 కలపాలి, తక్కువున్న దానికీ 5 కలపాలి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. తెలుపు మీద నలుపుకి 105ని 5తో భాగిస్తే 21. ఈ లెక్కలో అంతకంటే ఎక్కువ తేడా సాధ్యం కాదు. తెలుపు మీద పసుపు ఒకటికి కాస్త పైన, అంటే తేడా లేనట్టే. తెలుపు మీద ఎరుపు 4. తెలుపు మీద నీలం 8.6. నిఖార్సైన ఎరుపునీ ఆకుపచ్చనీ పక్కపక్కన పెడితే 2.9.

వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూత్రీసీ అనే ప్రపంచ సంస్థ, మామూలు అక్షరాలకి ఈ నిష్పత్తి కనీసం 4.5 ఉండాలని చెప్పింది. చాలాకాలం బొమ్మల సంగతి ఎవరూ తేల్చలేదు. 2018 జూన్‌లో వచ్చిన కొత్త కూర్పులో, అర్థం చెప్పే పని ఉన్న ప్రతి బొమ్మకీ, నొక్కే ప్రతి మీటకీ కనీసం 3 ఉండి తీరాలన్నారు. ఇది వెబ్ పేజీల కోసం పుట్టిన కొలతే అయినా, ఏ సాఫ్ట్‌వేర్‌కైనా పెట్టి చూడొచ్చు. మన దేశంలో ప్రమాణాలు రాసే బీఐఎస్ వాళ్లు కూడా 2021లో ఐఎస్ 17802 అని, అందరికీ అందుబాటులో ఉండే సాంకేతిక సాధనాలకి ఒక ప్రమాణం తెచ్చారు.

అమ్మడూ, నీ తెర మీదున్నట్టే ఒక బూడిద పట్టీ తీసుకుని లెక్క వేద్దాం రా. తెరలో ప్రతి రంగుకీ సున్నా నుంచి 255 దాకా అంకెలుంటాయి కదా. పట్టీ బూడిద 83, దాని మీద గీత బూడిద 150 అనుకో. 150 అంటే 83కి దాదాపు రెట్టింపు కదా, తేడా బోలెడుందనిపిస్తుంది. నిష్పత్తి మాత్రం 2.6, పాస్ మార్కు కూడా రాలేదు. గీతని 170కి పెంచితే 3.3, గట్టెక్కింది. పూర్తి తెలుపు చేస్తే 7.7. గీసేవాడు ఒక్క అంకె మార్చితే అయిపోయే పని. అందుకే నాకు బాధ.

మరి ఇంత పెద్ద పెద్ద కంపెనీల వాళ్లు, చదువుకున్నవాళ్లు, ఇలా బూడిద మీద బూడిద ఎందుకు పెట్టారని అడిగింది నువ్వే కదా. దానికి కారణం ఉంది, అది మంచి కారణమే. ఆ కథ నూలుదారాల్లో ఉంది.

చీరాలలోనో మంగళగిరిలోనో మగ్గం మీద కూచున్నవాళ్లని అడగండి. ఒకే కుండలో అద్దకం వేసిన నల్లదారం తెల్ల పడుగులో ఒకలా, నీలం పక్కన ఇంకోలా కనపడుతుందని వాళ్ల కంటికి తెలుసు. ఫ్రాన్సులో గోబెలిన్ అని రాజుగారి గోడ తివాచీల కార్ఖానా ఉండేది. అక్కడ రంగుల విభాగానికి 1824లో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్దగా వచ్చాడు. నేతగాళ్లు ఆయన దగ్గరికి ఫిర్యాదు పట్టుకొచ్చారు: మీ నల్లరంగు నాసి, నీలం పక్కన వేస్తే వెలిసినట్టుంటోంది అని. ఆయన పరీక్ష చేసి చూశాడు. రంగులో లోపమేమీ లేదు. పక్కనున్న రంగే దాని రూపు మార్చేస్తోంది. అదే విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసి 1839లో పెద్ద పుస్తకం వేశాడు. పక్క పక్క రంగులు ఒకదాని మీద ఒకటి చూపించే ప్రభావం అంతా అందులో ఉంది. ఆయన నూట రెండేళ్లు బతికాడు, ఆ పుస్తకం ఇంకా బతికే ఉంది.

ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ వాళ్లు పట్టుకున్నది ఈ సూత్రాన్నే. మధ్యలో పెళ్లి ఫొటో పెట్టుకుని పెళ్లికూతురి ముఖఛాయ సరిచేస్తున్నావు. చుట్టూ ఎర్రటి, పచ్చటి మీటలు ఉంటే నీ కన్ను మోసపోతుంది, ఛాయ తప్పు దిద్దుతావు. చుట్టూ తెల్లగా ఉంటే ఫొటో అసలుకంటే చీకటిగా అనిపిస్తుంది. అందుకని చుట్టూ ఏ రంగూ లేని ముదురు బూడిద పెట్టారు. ఫొటోషాప్ 2012లో వచ్చిన సీఎస్6తో ముదురు ముఖం తొడుక్కుంది. ఉచితంగా దొరికే జింప్ 2018 ఏప్రిల్‌లో 2.10 కూర్పుతో అదే దారి పట్టింది, దాంతోపాటు రంగుల బొమ్మల్ని పక్కకి నెట్టి ఒకే రంగు గీతల బొమ్మల్ని ముందు పెట్టింది. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ కూడా 2020లో అలాంటి గీతల బొమ్మలకి చోటిచ్చింది.

పట్టీ బూడిదగా ఉండాలన్నంతవరకు నేనూ ఒప్పుకుంటాను. ఫొటో దిద్దేవాడికి అది అవసరం. కానీ పట్టీ బూడిద కావాలి కాబట్టి దాని మీద బొమ్మ కూడా బూడిదగానే ఉండాలని ఏ షెవ్రల్ చెప్పాడు? రంగు లేకుండానే వెలుగు పెంచొచ్చు. తెలుపుకి రంగు లేదు కదా! ముఖ్యమైన పనిముట్లని సన్నటి గీతతో కాకుండా గట్టి గీతతో, కాస్త నిండు ఆకారంతో చూపిస్తే ఫొటోకి వచ్చే నష్టం ఏమీ లేదు. పని తెలిసినవాడికి బొమ్మ అక్కర్లేదు, మీట ఏ మూలనుందో చేతికే తెలుసు. బొమ్మ కావాల్సింది కొత్తగా నేర్చుకునేవాళ్లకి, చూపు తగ్గినవాళ్లకి. వాళ్ల కోసమే ఉన్నది వాళ్లకే కనపడకపోతే ఎట్లా?

ఇంకో సంగతి, ఇది పాస్ మార్కుల్లో లేనిది. నిష్పత్తి 3 ఉన్నా సరే, గీత మరీ సన్నదైతే కంటికి ఆనదు. 1968లో ఇంగ్లండులో పనిచేస్తున్న కాంబెల్, రాబ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చారలు చూపించి కంటి శక్తి కొలిచారు. మరీ లావు చారలకీ, మరీ సన్న చారలకీ కంటికి ఎక్కువ తేడా కావాలి. మధ్యరకం చారల్ని కొద్దిపాటి తేడాతోనే పట్టేస్తుంది. చార సన్నబడేకొద్దీ నలుపూ తెలుపూ కంట్లోనే కలిసిపోయి బూడిదైపోతాయి. కాబట్టి వెంట్రుకంత గీతతో గీసిన బొమ్మకి లెక్క ప్రకారం 3 వచ్చినా, కంట్లోకి వచ్చేసరికి అది 3 కాదు.

ఇవన్నీ గదిలో, ఫ్యాను కింద, తలుపేసుకుని కూచున్నప్పటి లెక్కలు. మన దగ్గర వెలుతురు అట్లా ఉండదు. ఏప్రిల్‌లో మిర్చి కల్లం దగ్గర, నెత్తిన ఎండ కొడుతుండగా, యార్డులో ధరెంతో చూద్దామని రైతు ఫోన్ తీస్తాడు. తెర కనపడదు. చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, చొక్కా చాటున దాస్తాడు. ఏం జరుగుతోందంటే, తెర అద్దం మీద పడ్డ ఎండ కొంత వెనక్కి తిరిగి మన కంట్లోకి వస్తోంది. ఆ వచ్చే వెలుగు తెల్లచోటు మీదా నల్లచోటు మీదా ఒకే అంత కలుస్తుంది. చిక్కటి మజ్జిగ గ్లాసులోనూ పలచటి మజ్జిగ గ్లాసులోనూ తలా ఒక చెంబు నీళ్లు పోశాక రెండింటి రుచిలో తేడా చెప్పమంటే ఎలా ఉంటుంది, అట్లా అన్నమాట.

అంకెల్లో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఇందాక లెక్కలో 5 కలిపాం కదా, అది గదిలో తెర మీద పడే కొద్దిపాటి వెలుతురు కోసం పెట్టిన అంకె. ఎండలో దాన్ని 50 అనుకోండి. తెలుపు మీద నలుపు, 21 ఉండాల్సింది, 150ని 50తో భాగిస్తే 3కి పడిపోయింది. నలుపు తెలుపులే అట్లా అయితే, గదిలో 2.6 ఉన్న ఆ బూడిద బొమ్మ గతి చూడండి, 1.4 కూడా రాదు. ఉన్నదీ లేనిదీ ఒకటే. అందుకే రైతులు వాడే ఫోన్ యాప్‌లు గీసే పిల్లలకి నేను చెప్పేది ఒకటే: మీ బొమ్మల్ని ఏసీ గదిలో పెద్ద తెర మీద చూసి సంతోషపడకండి. మధ్యాహ్నం పన్నెండింటికి బయట నుంచుని, రెండేళ్ల పాత ఫోన్‌లో చూడండి.

కళ్లు కూడా అందరివీ ఒకటి కావు. ఇరవయ్యేళ్ల కంట్లోకి వెళ్లే వెలుగులో, అరవయ్యేళ్లకి మూడో వంతే కంటి వెనక పొర దాకా చేరుతుంది. కనుపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది. శుక్లం మొదలైతే వెలుగు చెదిరి, ఎండలో తెరకి జరిగినదే కంటి లోపలా జరుగుతుంది. పెదకాకాని శంకర కంటి ఆసుపత్రికో ఇంకెక్కడికో వెళ్లి ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాళ్లు "తెల్లచొక్కా ఇంత తెల్లగా ఉంటుందా!" అంటారు. అప్పటిదాకా వాళ్లు చూసింది మసక ప్రపంచం. డాక్టరు గోడ మీద పెట్టే అక్షరాల పలక నల్లటి అక్షరాలతో ఉంటుంది కాబట్టి, దాన్ని గడగడా చదివేసినవాళ్లకి కూడా లేత బూడిద అక్షరం కనపడకపోవచ్చు. దీన్ని కొలవడానికి 1988లో పెల్లి, రాబ్సన్ వేరే పలకే తయారుచేశారు. అందులో అక్షరాల సైజు మారదు, కిందికి వెళ్లేకొద్దీ రంగు వెలిసిపోతుంది.

ఇక పుట్టుకతోనే ఎరుపూ ఆకుపచ్చా విడదీయలేనివాళ్లు ఉంటారు. ఎక్స్ క్రోమోజోమ్ మీదుగా వచ్చే లక్షణం కాబట్టి మగవాళ్లలో ఎక్కువ, యూరప్ మగవాళ్లలో నూటికి ఎనిమిది మంది దాకా. వాళ్లలో ఒక రకానికి ఎరుపు మామూలుగా కంటే చీకటిగా కూడా కనపడుతుంది, నలుపు మీద ఎర్ర అక్షరం వాళ్ల కంటికి లేనట్టే. మిరప కల్లంలో తాలుకాయలు ఏరే చోట ఇది తెలుస్తుంది. వెలిసి తెల్లబడ్డ తాలు ఎవరికైనా దొరికిపోతుంది, వెలుగు తేడా ఉంది కాబట్టి. ఎర్రగుట్టలో పచ్చి దిగని దోరకాయ ఏరమంటే అందరి కన్నూ ఒకే వేగంతో పోదు. గుంటూరు యార్డులో కాయ రంగు చూసి ధర చెప్పేవాళ్లు నీడ పట్టునా, ఎండలోనూ తిప్పి తిప్పి చూసేది ఊరికే కాదు. ఎగుమతి సరుక్కి అయితే కన్నుని నమ్ముకోరు, కారాన్ని అసిటోన్‌లో నానబెట్టి, 460 నానోమీటర్ల నీలికాంతిని అది ఎంత మింగుతుందో యంత్రంతో కొలుస్తారు. ఎరుపుని కొలవడానికి నీలం! సైన్సులో నాకు బాగా ఇష్టమైన చమత్కారాల్లో ఇదొకటి.

ఇప్పుడు చేలోకి వద్దాం. మన ప్రాంతంలో ప్రాణం మీదికొచ్చే బొమ్మ ఒకటుంది. పురుగుమందు డబ్బా మీద ఉండే నాలుగు పలకల గుర్తు. 1971 నాటి కీటకనాశినుల నిబంధనల ప్రకారం, మూల మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి చీటీ మీద ఉండాలి, చీటీ ముఖంలో పదహారో వంతుకి తగ్గకూడదు. దాన్ని అడ్డంగా రెండు ముక్కోణాలు చేస్తారు. కింది ముక్కోణంలో రంగు. అతి విషానికి ఎరుపు, ఎక్కువ విషానికి పసుపు, ఒక మోస్తరుకి నీలం, తక్కువకి ఆకుపచ్చ. పై ముక్కోణంలో మాట. ఎరుపుకి పుర్రె, ఎముకల బొమ్మతోపాటు ఎర్ర అక్షరాలతో విషం అనే హెచ్చరిక, పసుపుకి పుర్రె లేకుండా అదే మాట, నీలానికి ప్రమాదం, ఆకుపచ్చకి జాగ్రత్త అన్న అర్థమిచ్చే మాటలు. ఏ మందు ఏ రంగులోకి వస్తుందో కూడా కొలతే చెబుతుంది: పరీక్ష జంతువుల్లో సగం చావడానికి కిలో బరువుకి ఎన్ని మిల్లీగ్రాములు పడుతుందన్నది. 50 లోపు అయితే ఎరుపు, 500 దాకా పసుపు, 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. పత్తి మీద ఏళ్ల తరబడి కొట్టిన మోనోక్రోటోఫాస్ ఎర్ర ముక్కోణం మందే.

ఈ గుర్తుని మనం ఇందాక నేర్చుకున్న కళ్లతో చూద్దాం. రంగులు తీసేస్తే ఎరుపు 21, నీలం 7, రెండూ ముదురు. పసుపు 93, ఆకుపచ్చ 72, రెండూ లేత. పసుపుకీ ఆకుపచ్చకీ నిష్పత్తి 1.3 మాత్రమే. అంటే డబ్బా మీద మట్టి పడి, ఎండకి చీటీ వెలిసి, పొద్దున్నే మసకలో మందు కలిపే మనిషికి, ఎక్కువ విషమూ తక్కువ విషమూ రెండూ లేతగా ఒకేలా కనపడే అవకాశం ఉంది. అతి విషానికీ ఒక మోస్తరు విషానికీ రెండూ ముదురే. ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియని మనిషికి మొదటి రంగూ చివరి రంగూ కలగాపులగం. అయినా ఆ గుర్తు పెట్టినవాళ్లు ఒక గొప్ప పని చేశారు. ఎరుపు మీద ఒక్కదానికే పుర్రె బొమ్మ పెట్టారు. రంగు మాయమైనా ఆకారం మిగులుతుంది. చదువు రానివాడికి కూడా పుర్రె తెలుసు.

మిగతా మూడింటి మధ్య తేడా మాత్రం రంగు మీదా, చదవడం వచ్చినవాళ్లకే తెలిసే మాట మీదా ఉంది. అది నాకు నచ్చదు. పైగా ఆకుపచ్చ అంటే మన జనానికి సిగ్నల్ దగ్గర పొమ్మని చెప్పే రంగు, ఆకుకూరల రంగు. తక్కువ విషం అన్న గుర్తుని ఏమీ కాదన్న గుర్తుగా తీసుకునే ప్రమాదం ఉంది. ఆకుపచ్చ ముక్కోణం మందైనా చేతికి తొడుగులు, ముక్కుకి గుడ్డ ఉండాల్సిందే. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు మన ప్రకాశం, గుంటూరు రైతులు మందు మీద మందు కొట్టి, అప్పుల్లో కూరుకుపోయి, ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. ఆ బాధలకి చీటీ మీద బొమ్మ కారణం కాదు. కానీ అంతగా మందుల మీద బతికిన నేలలో, డబ్బా మీదున్న ఆ చిన్న గుర్తు ప్రతి కంటికీ ఆనేట్టు ఉండాలని కోరుకోవడం పెద్ద కోరికేం కాదు.

అట్లా సరిదిద్దుకున్న గుర్తు ఒకటి మీ చేతిలో బిస్కెట్ పొట్లం మీదే ఉంది. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ రంగు చుక్క ఉండేవి కదా. రెండూ గుండ్రటివే, రెండూ ఒకే సైజు, రంగు ఒక్కటే తేడా. రంగులు తెలియనివాళ్లకి అది ఏ పనికీ రాని గుర్తు. 2020 నాటి ఆహార లేబుల్ నిబంధనల్లో మాంసాహార గుర్తుని గోధుమ రంగు ముక్కోణంగా మార్చారు. ఇప్పుడు రంగు తెలియకపోయినా ఆకారం చూసి తేడా చెప్పొచ్చు. ఇంత చిన్న మార్పుకి ఎంత ప్రయోజనమో చూడండి.

ఆకారం సంగతి వచ్చింది కాబట్టి ఎన్నికల గుర్తులు కూడా చెప్పుకోవాలి. చదువు రాని కోట్ల మంది ఓటు వెయ్యాలి కాబట్టి 1951-52 మొదటి ఎన్నికల నుంచే గుర్తులు పెట్టారు. ఎన్నికల సంఘంలో ఎం.ఎస్. సేథీ అనే చిత్రకారుడు పెన్సిల్‌తో గీసినవి వాటిలో చాలా ఉన్నాయి. రంగు లేదు, నలుపు తెలుపు గీతలే. అయినా గొడవలొచ్చాయి. 2022లో మునుగోడు ఉప ఎన్నికప్పుడు, కారు గుర్తున్న టీఆర్ఎస్ పార్టీ, రోడ్డు రోలర్, చపాతీ కర్ర, కెమెరా, టీవీ, కుట్టు మిషన్ లాంటి ఎనిమిది గుర్తులు తమ కారులా ఉన్నాయి, తీసెయ్యమని అడిగింది. చూపు తగ్గిన ముసలివాళ్లు పొరబడుతున్నారన్నది వాళ్ల వాదన. తర్వాత విషయం సుప్రీంకోర్టు దాకా వెళితే, ఓటర్లకి ఆ మాత్రం తేడా తెలుసంటూ 2023 అక్టోబరులో కోర్టు కొట్టేసింది. కోర్టు తీర్పు ఎవరికి లాభమన్నది మనకెందుకు గానీ, సైన్సుగా చూస్తే అందులో ఒక ప్రశ్న ఉంది. అరంగుళం గుర్తులో లోపలి వివరాలు ముసలి కంటికి పోతాయి, బయటి ఆకారం ఒక్కటే మిగులుతుంది. కింద రెండు గుండ్రాలు, పైన ఒక డబ్బా: అది కారూ కావచ్చు, రోడ్డు రోలరూ కావచ్చు. కాబట్టి బొమ్మ గీసేటప్పుడు నల్లగా నింపేసి బయటి ఆకారం ఒక్కటే చూడాలి. అది పక్కవాటికంటే వేరుగా ఉందా లేదా అన్నదే పరీక్ష.

ఈ కిటుకు బాగా తెలిసిన మనిషి సూసన్ కేర్. 1984లో వచ్చిన మెకింటోష్ కంప్యూటర్‌కి బొమ్మలు గీసింది ఆవిడే. ఒక్కో బొమ్మకి అడ్డం 32, నిలువు 32 చుక్కలు, మొత్తం 1024. నలుపూ తెలుపూ తప్ప ఇంకో రంగు లేదు. ఆవిడ గళ్ల కాగితం కొనుక్కుని గడి గడి నింపుతూ గీసింది. చెత్తబుట్ట, బాంబు, చేతిగడియారం ఏదైనా సరే, చూడగానే తెలిసేది. ఈ రోజు తెర మీద లక్షల రంగులున్నాయి, లక్షల చుక్కలున్నాయి, అయినా ఆవిడ నలుపు తెలుపు బొమ్మకున్న స్పష్టత కొన్నిటికి లేదు. చేతిలో పరిమితి ఉన్నప్పుడు మనిషి ఆలోచిస్తాడని నా నమ్మకం.

బొమ్మ పక్కన పేరు కూడా రాస్తే సగం బాధ తీరిపోతుంది. కానీ మన తెలుగుకి ఒక ఇబ్బంది ఉంది. ద, ధ, థ చూడండి. ద కింద గీత పెడితే ధ, ధ లోపల చుక్క పెడితే థ. పెద్దగా రాస్తే ఏ గొడవా లేదు. పదహారు చుక్కల ఎత్తులో, లేత బూడిదలో రాస్తే ఆ గీతా ఆ చుక్కా ఎటుపోయాయో తెలియదు. పైన గుడులూ కింద ఒత్తులూ ఉన్న లిపి కాబట్టి, ఇంగ్లీషు అక్షరానికి సరిపోయిన ఎత్తు తెలుగుకి సరిపోదు. గుంటూరు ఫ్లెక్సీ షాపుల్లో కూచుని పనిచేసే కుర్రాళ్లకి ఇది బాగా తెలుసు. వాళ్లు పెద్ద అక్షరాలకి నల్ల అంచు, దాని చుట్టూ తెల్ల అంచు వేస్తారు. కొందరు దాన్ని మోటు అంటారు. నేననను. పసుపు అక్షరం తెల్ల మబ్బు మీద పడ్డా, ముదురు ఆకాశం మీద పడ్డా చదవగలిగేట్టు చేసే పద్ధతి అది. మ్యాపుల్లో ఊరిపేర్ల చుట్టూ ఉండే తెల్లని వెలుగు కూడా అదే పని చేస్తుంది.

ఇక నీ పని, అమ్మడూ. ముందు నీ జింప్ (2.10 కూర్పు అయితే) తెరిచి ప్రిఫరెన్సెస్‌లో ఇంటర్‌ఫేస్ కింద ఐకాన్ థీమ్ చూడు. అక్కడ రంగుల బొమ్మలూ ఉన్నాయి, ఎక్కువ కాంట్రాస్ట్ ఉన్న గీతల బొమ్మలూ ఉన్నాయి. నాకిచ్చేటప్పుడు అవి పెట్టి ఇవ్వు. ఫొటోషాప్‌లో అయితే పట్టీ రంగుకి నాలుగు మెట్లున్నాయి, ఏది బాగుందో మార్చి చూడు. ఇది నా ఒక్కడి కోసం. నువ్వు కాలేజీ పనిగా గీస్తున్న ఆ మిర్చి రైతుల యాప్ మాత్రం అందరి కోసం. దాని తెరని ఫొటో తీసి, రంగంతా తీసేసి బూడిదలో చూడు. ఏ రెండు బొమ్మలు కలిసిపోతే వాటిని మళ్లీ గియ్యి. గీత మందం పెంచు. నిష్పత్తి లెక్క కట్టే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి, 3 వచ్చిందని ఆగకు, ఎండలో వాడేది కాబట్టి 7కి తగ్గకుండా చూడు. ధర, వాన, అమ్మకం, ఈ మూడు బొమ్మల కిందా తెలుగులో పేరు రాయి, లావు అక్షరంతో. మందుల బొమ్మకి మాత్రం ఎరుపు పూసి ఊరుకోవద్దు. ముక్కోణం గియ్యి, లోపల పుర్రె పెట్టు, చుట్టూ నల్ల అంచు కట్టు, కింద విషం అని రాయి. రాశాక ఆ ఫోన్ నాకు కాదు, కల్లంలో తాలుకాయలు ఏరేవాళ్లకి ఇచ్చి, ఏ బొమ్మ ఏమిటో వాళ్లనే చెప్పమను. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ దిద్దు.